తిండిపెట్టె కాపలా

నెడ్రా పికప్ బండి వెనక తలుపు దించి, దాని మీద గళ్ళ గుడ్డ పరిచి, రొట్టె ముక్కలకు వెన్న రాస్తోంది. అత్తగారికి ఉల్లి పడదు. భర్త మెరిల్‌కు ఉల్లి లేకపోతే ముద్ద దిగదు. కొడుకు టేట్‌కు రొట్టె అంచులు కోసి పెట్టాలి. ఈ చాకిరీ ఇంట్లో చేస్తే వంట అంటారు, ఎల్లోస్టోన్ పార్కులో చేస్తే విహారం అంటారు.

ఇక్కడ తిండిపెట్టెను ఒక్క నిమిషం కూడా అలా వదిలి వెళ్ళకూడదు. ఎలుగుబంట్ల సంగతి దేవుడెరుగు, కాకులే సంచుల జిప్పులు లాగి మరీ తినిపోతాయి. నిబంధన అందరికీ, కాపలా మాత్రం నెడ్రాకి. పెళ్ళయిన మొదటి వేసవిలో అత్తగారు ఆర్డిత్, "నువ్వు కాస్త ఇక్కడుండమ్మా, మేం చూసొచ్చేస్తాం" అంది. ఆ 'కాస్త'కు ఇప్పటికి పద్నాలుగేళ్ళు. ప్రతి జులైలో ఐడహోలోని బంగాళాదుంపల చేను వదిలి ఇక్కడికొస్తారు. ముందు వేడినీళ్ళు చెట్టంత ఎత్తున ఎగజిమ్మే బుగ్గ, తర్వాత భోజనం, ఆ తర్వాత లోయ. ఆ బుగ్గ నెడ్రాకు తెలిసిందల్లా చెవులతోనే. పైన్ చెట్ల అవతల జనం ఒక్కసారిగా 'ఓ...' అంటారు. హోటలు కప్పు మీద కాస్త ఆవిరి కనిపిస్తుంది. చప్పట్లు వినపడగానే తను చిక్కుడు గింజలు వేడి చెయ్యాలి. అత్తగారి హాల్లో గోడ నిండా బుగ్గ ముందు నిలబడ్డ కుటుంబం ఫొటోలు, ఏడాదికొకటి. ఒక్కదాంట్లోనూ నెడ్రా లేదు. ఆమే తీసుంటుందని చుట్టాలనుకుంటారు. అదీ కాదు, దారినపోయేవాళ్ళెవరో తీశారు. ఆ ఫొటోల దుమ్ము దులిపేది మాత్రం నెడ్రాయే. నోరు తెరిచి అడగొచ్చు కదా అని తనను తాను ఎన్నోసార్లు తిట్టుకుంది. అడగలేదు. ఎవరో ఒకరు గమనిస్తారని చూసింది. పక్కలో పడుకునే మనిషికి కూడా తట్టలేదు. బుగ్గ చూడలేదన్న దానికంటే అదే ఎక్కువ బాధ.

"ఒంటిగంట పదికి ఎగుస్తుందట, పది నిమిషాలు అటూ ఇటూ. పదండి పదండి, బెంచీలు నిండిపోతాయి" అన్నాడు మెరిల్.

ఆర్డిత్ టోపీ సర్దుకుంటూ మనవరాలి వైపు చూసింది. "కెల్సీ, ఈసారి నువ్వు మీ అమ్మ దగ్గరుండవే. పదమూడేళ్ళొచ్చాయి, ఎక్కడ ఏం సర్దాలో నేర్చుకోవద్దూ? టేట్, నువ్వు రారా నాతో."

కెల్సీ మొహం చిన్నబోయింది. కానీ మారుమాట లేకుండా చేతిలోని కెమెరా తమ్ముడికిచ్చేసి, ఉల్లిపాయ అందుకుంది. ఆ మారుమాట లేకపోవడమే నెడ్రా గుండెలో గుచ్చుకుంది. పిల్ల అది ఎవర్ని చూసి నేర్చుకుందో ఆమెకు తెలుసు.

"అది కూడా వస్తుందత్తయ్యా. తీసుకెళ్ళండి."

"ఒక్కదానివే ఎంతని చేసుకుంటావు? నీకోసమేగా నేననేది!"

"నాకోసమైతే వద్దు."

కెల్సీ ఉల్లిపాయ వదిలేసి పరుగు తీసింది, వెనక్కి కూడా చూడలేదు. చూడనందుకు నెడ్రాకు సంతోషం వేసింది. చూడనందుకే ఏడుపూ వచ్చింది.

అందరూ చెట్ల చాటుకు వెళ్ళాక ఆమె పెట్టె వంక చూసింది. మూత బిగించి, బండి లోపల ముందు సీట్లో పెట్టి, తలుపులు మూసి తాళం వేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తాళంచెవి చేతిలో పట్టుకుని, ఇంతేనా అనుకుంటూ, చెట్ల అవతల 'ఓ...' వినపడేదాకా అక్కడే నిలబడిపోయింది.

అలా నిలబడిపోయినందువల్లే ఆలస్యమైంది. వెళ్ళేసరికి నీళ్ళు దిగిపోతున్నాయి. మోకాలెత్తు తుంపర, కాస్త ఆవిరి, అంతే. జనం లేచి ఎదురొస్తున్నారు. వాళ్ళలో తన వాళ్ళూ ఉన్నారు.

"నువ్విక్కడున్నావేంటి? తిండి దగ్గర ఎవరున్నారు?" అన్నాడు మెరిల్.

"బండిలో పెట్టి తాళం వేశాను, ఇదిగో తాళంచెవి. మీరు తినేసి లోయ చూసి రండి. తిరిగి పోయేటప్పుడు నన్నెక్కించుకోండి. ఇది మళ్ళీ ఎగిసేదాకా నేనిక్కడ కూర్చుంటాను."

"గంటన్నర పడుతుంది! అయినా ఏటా చూసేదేగా?"

"నేను ఒక్కసారి కూడా చూడలేదు, మెరిల్."

మెరిల్ నవ్వబోయి తల్లి వంక చూశాడు. ఆర్డిత్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంది.

"అమ్మా, నేనుండనా?" అంది కెల్సీ.

"నీకు మళ్ళీ చూడాలనుంటే ఉండు. నాకు తోడని మాత్రం ఉండకు."

పిల్ల ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది. ఆకలేస్తోంది. తమ్ముడి దగ్గర కెమెరా లాక్కుని నానమ్మ వెంట వెళ్ళిపోయింది.

మెరిల్ నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. అతని గొంతులో కోపం కంటే ఉక్రోషమే ఎక్కువుంది. "ఇన్నేళ్ళూ ఇలాగే తాళం వేసుకుని రావొచ్చుగా! ఎవరొద్దన్నారు?"

"నేనుండగా మీకు తాళం అవసరం ఎప్పుడొచ్చింది?" అంది నెడ్రా.

అని, ఖాళీ అయిన బెంచీల మధ్య నడిచి ముందు వరసలో కూర్చుంది. ఇంకా గంటన్నర ఉంది.