మూత తీసిన బోర్డు

“ఎన్నడు చూపిస్తవ్ కొడుకా?” అని మంచంలో ఉన్న జంగప్ప అడిగినప్పుడు, మల్లికార్జున్ వెనకాముందు చూడకుండా “ఆదివారం తాతా” అనేశాడు. మాట ఇవ్వడానికేం, నోరుంటే చాలు. ఆ మాట నిలబెట్టాల్సిన కంప్యూటరేమో ఇంట్లో బిగుసుకుపోయి కూర్చుంది.

మల్లికార్జున్‌ది వికారాబాద్. పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు, ముందు గదిలో కూర్చుని మిక్సింగ్ కూడా తనే చేసుకుంటాడు. ఆ బుధవారం ధారూర్‌లో పసిపిల్లకు ఉయ్యాల వేసే తొట్టెల ఫంక్షన్ తీసి, మెడలో కెమెరాతోనే జంగప్ప ఊరు కోట్‌పల్లికి బండి తిప్పాడు. నెల కింద తాండూర్‌లో జంగప్ప మనవరాలు పూజిత పెళ్లి తీసింది అతనే. తండ్రి లేని ఆ పిల్లను గొర్ల వెంట తిప్పుకుంటూ పెంచింది జంగప్ప. తీరా పెళ్లినాటికి ఆయన హైదరాబాద్ ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ఇప్పుడు డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎందుకన్నారో ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

అప్పగింతలప్పుడు పూజిత కారెక్కబోతూ ఆగి, కెమెరా వైపు తిరిగి తాతకు ఏదో మాట చెప్పింది. డప్పుల మోతలో అది పక్కనున్నవాళ్లకే వినపడలేదు, కెమెరా పట్టుకున్న మల్లికార్జున్‌కూ వినపడలేదు. మొన్న చూడవచ్చినప్పుడు కూడా ఆ పిల్ల “ఏం చెప్పిన్నో ఇప్పుడు చెప్ప, వీడియోలనే చూడాలె తాతా” అని నవ్వి అత్తారింటికి పోయింది. అప్పటినుంచి ముసలాయన ప్రాణమంతా దాని మీదే ఉంది. మందు వద్దంటాడు, జావ వద్దంటాడు, వీడియో వచ్చిందా అని మాత్రం అడుగుతాడు.

ఆయన భార్య దేవమ్మ గడప దాకా వచ్చి, గొంతు తగ్గించి అంది. “జర జల్ది చెయ్ కొడుకా. ఆదివారమంటే మస్తు దూరమున్నట్టనిపిస్తున్నది నాకు.”

ఆ మాట బండి మీద ఇంటిదాకా అతని వెంటే వచ్చింది.

అసలు చిక్కంతా కొత్త కెమెరాతో వచ్చింది. అది తీసే బొమ్మ పెద్దది, పాత కంప్యూటర్‌ది చిన్న ప్రాణం. పూజిత పెళ్లి తెరవగానే స్క్రీన్ ఆగిపోయేది. పోనీ ఉన్నదున్నట్టు ఇచ్చేయొచ్చు కదా అంటారా? అక్కడే ఉంది మన మల్లికార్జున్ పంతం. పాట లేకుండా, పేర్లు పడకుండా, పూలు రాలకుండా వీడియో ఇవ్వడమంటే అతనికి నలుగురిలో తలెత్తుకోలేని పని. కచ్చా వీడియో గడప దాటకూడదన్నది అతని నియమం. వీడియో అప్పగించేదాకా ఆ పెళ్లి తీసిన మెమరీ కార్డును కెమెరాలోంచి తీయకూడదన్నది, మిగతా ఫంక్షన్లన్నీ పక్కనున్న రెండో కార్డులోనే తీయాలన్నది ఇంకో నియమం. రెండూ తు.చ. తప్పకుండా పాటిస్తాడు.

దోస్తు శ్రీను వాడి వదిలేసిన ప్రాసెసర్ ఒకటి అతని దగ్గరుంది, ఇంకో నాలుగేళ్లు గుర్రంలా పరుగెత్తేది. అయితే పాత మదర్‌బోర్డులో అది పట్టదు. కొత్త బోర్డు హైదరాబాద్‌లో కొనాలంటే చేతిలో ఉన్నది చాలదు. తాండూర్‌లో బాల్‌రాజ్ దగ్గర వాడిన బోర్డులు దొరుకుతాయని విని, గురువారం పొద్దున్నే రైలెక్కాడు.

బాల్‌రాజ్ దుకాణం పక్కనే నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్లు. బల్ల మీద, రాక్‌ల మీద, బాల్‌రాజ్ కనుబొమల మీద కూడా తెల్లటి రాతిపొడి. అతను రెండు బోర్డులు తీసి ముందు పెట్టాడు.

“గిది మంచిది తమ్మి. కని దీనికి కొత్త రకం ర్యామ్ కావాలె, నీ పాతది పనికిరాదు. గిదేమో నీ పాత ర్యామ్‌నే తీసుకుంటది, రేటు గూడ సగమే. జర బోడ బోర్డు, వేడి దించే రేకు లేదు.”

“నా ప్రాసెసర్‌ను మోస్తదా అన్నా?”

“గంతవరకు మోస్తది. అంతకు మించి ఆశ పడకు.”

మల్లికార్జున్ చౌక బోర్డునే పట్టుకున్నాడు. ఎంపికలో తప్పేం లేదు, నేనైనా అదే కొనేవాణ్ణి. బాల్‌రాజ్ బల్ల మీదే నడిపించి చూపించాడు, స్క్రీన్ మెరిసింది. తర్వాత తన ప్రాసెసర్ ఊడదీసి, ఆ చోటును నల్లటి ప్లాస్టిక్ మూతతో మూసి, వేలితో రెండుసార్లు తట్టాడు.

“ప్రాసెసర్ చేతిల పట్టుకున్నంకనే గీ మూత తియ్యాలె. లోపల వెంట్రుకలంత పిన్నులుంటయ్. వేలు తాకిందా, ఖతం. నేను వాపస్ తీసుకోను.”

తిరుగు రైలు ధారూర్ అవతల గంటసేపు ఆగింది. ఎందుకో చెప్పేవాళ్లు లేరు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. అది తిరిగొచ్చేసరికి దేవమ్మ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒళ్లో ఉన్న బోర్డు డబ్బాను అతను రెండు చేతులా పట్టుకున్నాడు. భయమేసింది.

ఇంటికి చేరి, నీళ్లు కూడా తాగకుండా పాత బోర్డు ఊడదీశాడు. కొత్తదాన్ని అట్టపెట్టె మీద పెట్టి మూత తీశాడు. ప్రాసెసర్ మీదకు చెయ్యి పోతుండగా ఫోన్ మోగింది. దేవమ్మ. గదిలో మాట సరిగ్గా వినపడక సందులోకి పరుగెత్తాడు.

“తాతకు ఎక్కిళ్లు ఆగుతలేవు కొడుకా. నీ పేరే తీస్తున్నడు.”

“రేపు పొద్దుగాల తెస్త అవ్వా. పక్కా తెస్త.”

మాట్లాడింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో అతని తల్లి బుగ్గమ్మ పసుపు కుంకుమ గిన్నెతో గదిలోకి వచ్చింది. ఆ ఇంట్లోకి ఏ కొత్త సామాను వచ్చినా బుగ్గమ్మ చేతి బొట్టు పడనిదే పని మొదలుపెట్టదు. బండికి పడింది, కుక్కర్‌కు పడింది, కెమెరా మీద బొట్టయితే ఇంకా చెరగనే లేదు.

మల్లికార్జున్ లోపలికొచ్చేసరికి ఆమె వేలు కొంగుకు తుడుచుకుంటోంది.

“ఏడ వెట్టాల్నో ఎరుకగాలే కొడుకా. నడుమ బంగారం లెక్క మెరుస్తుంటే ఆడనే వెట్టిన. ఇగ మంచిగ నడుస్తది, ఫికర్ చెయ్యకు.”

అతను వంగి చూశాడు. బంగారు రంగు పిన్నుల మధ్య తడి కుంకుమ, దాని కింద రెండు వరుసలు వంగి పడుకున్నాయి. తల్లి మీద పట్టరాని కోపం వచ్చింది. అరవడానికి నోరు తెరిచాడు. ఆమె ముఖంలో ఆ సంబరం చూసి మూసుకున్నాడు. మూత తీసి వదిలింది తను. ఆమెకేం తెలుసు?

సూది తెచ్చి, ఊపిరి బిగబట్టి ఒక్కో పిన్నూ లేపాడు. ఆరు లేచాయి. ఏడోది విరిగి సూది మొనకు అంటుకుని వచ్చింది.

శుక్రవారం పొద్దున కూడా అతను ఆ బోర్డు ముందే కూర్చుని ఉన్నాడు. బుగ్గమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టి, కొడుకు ముఖం చూసి కంగారు పడింది.

“ఏమైంది రా? గంత పరేషాన్ల ఉన్నవ్?”

“ఆ తాతకు మనవరాలి మాట చూపెట్టాలె అమ్మా. కంప్యూటర్ నడుస్తలేదు.”

“కంప్యూటరెందుకు? మొన్న నా బొమ్మ తీసి ఆ కెమెరాలనే చూపెడ్తివి గద. మాట గూడ ఇనవడ్డది.”

మల్లికార్జున్ తలెత్తి అల్మారా వైపు చూశాడు. కెమెరా అక్కడే ఉంది, నొసట బొట్టుతో. పెళ్లి కార్డు అందులోనే ఉంది. చాయ్ అలాగే వదిలేసి బండి తీశాడు.

కోట్‌పల్లి దాకా దారిలో ఏం చూశాడో అతనికి గుర్తులేదు. ఇంటి ముందు మాత్రం నలుగురు మగవాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు. ప్రహరీ లోపలినుంచి ఆడవాళ్ల ఏడుపు. వాకిట్లో పడుకోబెట్టిన జంగప్ప తల దగ్గర కూర్చున్న దేవమ్మ అతన్ని చూసి, కళ్లు తుడుచుకోకుండానే అడిగింది.

“తెచ్చినవా?”

అతను పక్కన మోకాళ్ల మీద కూర్చుని బటన్ నొక్కాడు. అరచేతిలో సగం లేని స్క్రీన్‌లో పూజిత కారు తలుపు పట్టుకుని ఆగింది. పాట లేదు, పేర్లు లేవు, పూలు రాలలేదు. డప్పుల మోతలోంచి సన్నగా, ముక్కు ఎగబీలుస్తూ, గొంతు వినపడింది.

“తాతా, నేను మళ్ల వచ్చేదాక ఏడికీ పోవద్దు నువ్వు.”

ఏడ్చేవాళ్లు ఏడుపు ఆపారు. దేవమ్మ ఆ చిన్న స్క్రీన్‌ను, కెమెరా నొసటి కుంకుమ బొట్టును చాలాసేపు చూసింది. తర్వాత అతని వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, అర్థం కాని మనిషి అడిగినట్టే అడిగింది.

“బుధారం నువ్వొచ్చిన్నాడు గిది నీ మెడలనే ఉండె గద కొడుకా?”