స్తంభం వెనక చెప్పులు

పరుపులు కుట్టే ఆ షెడ్డు గుమ్మం ముందు ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు ముప్పై జతల చెప్పులు వరుసగా ఉంటాయి. కుట్టే గుడ్డకు మట్టి అంటుతుందని చెప్పులతో లోపలికి రానివ్వరు. ఆ వరుస పక్కనుంచి ఎంతమంది నడిచి వెళ్లినా ఆగి చూసేవాళ్లు లేరు. చెప్పుల్లో చూడ్డానికి ఏముంటుందని అనుకుంటాం, మనమైనా అంతే.

ఒక పిల్ల మాత్రం ఆగి చూసింది. అంచులు కుట్టే మిషను మీద పనిచేసే ఆమెకు ఇరవై రెండేళ్లు. పది మాటలడిగితే ఒక మాట చెప్పే రకం. అన్న వాడి వదిలేసిన ఫోను చేతికొచ్చిన నాడు ఆమెకో ఆలోచన పుట్టింది. ఏడాదిపాటు రోజుకొక్క ఫోటో తియ్యాలి. అదే గుమ్మం, అదే వేళ. లోపల ఫోను బయటికి తీస్తే పనిలోంచి తీసేస్తారు కనుక గుమ్మం దాటి ఆమె ఏదీ తియ్యలేదు. ఏడాది నిండాక అన్నీ వరుసగా పెట్టి చూసుకోవాలని ఆశ. పుట్టి బుద్ధెరిగాక తనకోసమని మొదలుపెట్టిన పని అదొక్కటే.

తోటివాళ్లు ఆమెకు ఫోటోల పిల్ల అని పేరు పెట్టారు. పరుపులకు బొత్తాలు కుట్టే అక్క నోరు మరీ పెద్దది. "మా మొహాలు బాగాలేవనా, కాళ్ల కిందవి తీస్తున్నావు?" అనేది. పిల్ల నవ్వి ఊరుకునేది.

ఫోటో తీసేముందు చెదిరిన చెప్పుల్ని సర్దేది. ఒక్క జత మాత్రం ఎలా సర్దినా కంట్లో నలుసులా ఉండేది. ఎడమదానికి పట్టీ తెగితే ఎర్రటి రాగి తీగ చుట్టి బిగించారు. కుడిది అసలు ఆ జతలోదే కాదు. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజున వాటిని కాలితో స్తంభం వెనక్కి నెట్టింది. ఫోటో ముచ్చటగా వచ్చింది.

అవి దగ్గు బాబాయివి. ఆయన దూది విడదీసే గదిలో పనిచేస్తాడు. దూది ఎగిరిపోకుండా ఆ గది తలుపులూ కిటికీలూ మూసి యంత్రం తిప్పుతారు. సాయంత్రం బయటికొచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల్లో తెల్లటి నూగు పేరుకుని ఉండేది. తొమ్మిదేళ్లుగా అదే పని. సైరను చెడిపోయినా ఫరవాలేదు, బాబాయి ఉన్నాడుగా అని షెడ్డంతా నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవాడు. నవ్వితే మళ్లీ దగ్గొచ్చేది. ఆ దగ్గులో ఒక మనిషి ఊపిరి కరిగిపోతోందని ఎవరికీ తట్టలేదు.

ఒకనాడు దగ్గు వినబడలేదు. మర్నాడూ లేదు. నాలుగో రోజు ఆయన భార్య గేటు దగ్గరికొచ్చింది. ఇళ్లకు తిరిగి బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. అందరికీ పిన్నే. బాబాయి పడుకుంటే ఊపిరందక గోడకానుకుని కూర్చునే ఉంటున్నాడట. కార్మికుల ఆసుపత్రిలో ఊపిరితిత్తులకు మంచి వైద్యం ఉంది కానీ, ఇక్కడ ఆరు నెలలైనా పనిచేసినట్టు కాగితం ఇస్తేనే చేర్చుకుంటారట.

గుమస్తా రిజిస్టరు తెరిచి చూపించాడు. అందులో బాబాయి పేరు లేదు. దూది గదికి మనుషుల్ని మేస్త్రీ తెస్తాడు, వాళ్ల పేర్లు ఎక్కడా రాయరు. "ఇలాంటి మనిషి ఇక్కడ లేడమ్మా" అన్నాడు గుమస్తా. తొమ్మిదేళ్లు ఆ దగ్గు విన్న చెవులే అతనివీ.

కాగితం లేకపోతే ఇద్దరు సాక్షులు కావాలని ఆసుపత్రి అధికారిణి చెప్పింది. లేదా ఒక సాక్షి, ఒక ఆధారం. పిన్ని ఒక్కొక్కరినీ అడిగింది. జోకులేసిన వాళ్లందరూ తలలు దించుకున్నారు. "మాకూ పిల్లలున్నారు పిన్నీ" అంది బొత్తాల అక్క, ఆమె కళ్లలోకి చూడకుండా.

పిల్ల ఒక్కతే వస్తానంది. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రోజూ ఫోటో తీస్తావటగా తల్లీ. అందులో ఆయన చెప్పులుంటాయిగా. ఆ తీగ నేనే చుట్టాను. ఎక్కడున్నా గుర్తుపడతాను."

పిల్ల ఫోను బయటికి తీసింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క ఫోటో చూశారు. రెండు వందల పదకొండు. ఎండలో, మబ్బులో, వానలో, చూడచక్కని వరుసలు. పిన్ని కళ్లు చికిలించి ప్రతిదాంట్లో ఎర్ర తీగ కోసం వెతికింది. మొదటి రెంటిలో తప్ప ఎక్కడా లేదు.

అధికారిణి ఆ రెండూ చాలాసేపు చూసింది. "రెండు రోజులు ఎవరైనా వచ్చిపోవచ్చమ్మా. మిగతా రోజులేవి?" అని మెల్లగానే అడిగింది. విచారణకు రాస్తానంది. రెండు మూడు వారాలు పట్టొచ్చంది.

ఆ సాయంత్రం పిల్ల బాబాయి ఇంటికి వెళ్లింది. ఒక్కటే గది. గోడకు తల ఆనించి కూర్చున్న ఆయన ముందు తనూ కూర్చుంది.

"బాబాయ్, మీ చెప్పులు స్తంభం వెనక్కి నెట్టింది నేనే."

"తెలుసులేమ్మా" అన్నాడాయన. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ రోజే చూశాను. నీకెందుకు శ్రమని ఆ తర్వాత నేనే అక్కడ విడిచేవాణ్ణి. నీ ఫోటో బాగా రావాలిగా."

తిట్టినా బాగుండేది. పిల్ల ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది.

విచారణకు ఎవరూ రాకముందే, పన్నెండో రోజున బాబాయి పోయాడు.

వారం తర్వాత పిల్ల ఆ చెప్పులు పిన్నినడిగి తెచ్చుకుంది. పొద్దున్నే వరుస మధ్యలో, అందరి చెప్పుల నడుమ పెట్టి ఫోను తీసింది. గుమస్తా వచ్చి అవి తీసెయ్యమన్నాడు. ఆమె కదల్లేదు.

"ఇవి ఇక్కడివే సార్. తొమ్మిదేళ్లుగా ఇక్కడివే."

ఎప్పుడూ పెదవి విప్పని పిల్ల నోట ఆ మాట విని లోపలికి వెళ్లేవాళ్లు ఆగిపోయారు. దూది గదిలో ఇంకా ముగ్గురున్నారు. అప్పుడే వాళ్లలో ఒకరు దగ్గారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బొత్తాల అక్క వచ్చి పిల్ల పక్కన నిలబడింది.

"సాయంత్రం ఆ అధికారిణి దగ్గరికి వెళ్దాం. ఈ ముగ్గురి పేర్లూ రాయిద్దాం" అంది గొంతు తగ్గించి. "రెండో సాక్షిని నేను. అప్పుడే రావాల్సింది."

ఆ రోజు ఫోటో అందంగా రాలేదు. ఎర్ర తీగ ఎండకు మెరిసి కంటికి గుచ్చుకుంటోంది. పిల్ల ఆ ఫోటోను చెరిపెయ్యలేదు. ఆ తర్వాత ఏడాది నిండేదాకా ఏ చెప్పునూ సర్దలేదు, ఎవరివి ఎలా ఉంటే అలాగే తీసింది. చూడ్డానికి బాగాలేదని ఎదుటివాడి కష్టాన్ని ఇవాళ పక్కకు నెడితే, రేపు అతనికోసం సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు మన దగ్గర ఏమీ మిగలదు.