నడిమి గోడలో గూడు

"ఒక కప్పు కాఫీ!" అని మా ఆయన బాలచంద్ర హాల్లోంచి కేకేసేటప్పటికి, నేను వంటింట్లో నిలబడి, కప్పే లేకుండా పోయిన ఇద్దరు మనుషుల గురించి ఫోనులో వింటున్నాను. చిత్తూరులో ఉండే మా తమ్ముడు మునిచంద్ర, ఊరి నుంచి. "అక్కా, మన ఊరి కొండ అంటుకునిందక్కా. ఎండిన బోదగడ్డికి నిప్పు తగులుకొని, గాలికి అగ్గి కిందికి దిగేసింది. పెద్దమ్మిల్లు, అత్తిల్లు రెండూ బుగ్గి. మనుషులకేం కాలేదులే, బడికాడ పెట్టినాము" అంటున్నాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఎవరింట్లోనైనా పాలు పొంగితే కొత్త ఇంట్లో దిగారని అర్థం. నా ఇంట్లో పొంగితే ఉన్న ఇళ్ళు పోయాయని అర్థమైంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క, దేవకమ్మ. అత్త అంటే ఆ పెద్దమ్మకు ఆడబిడ్డ, పోలేరమ్మ. మా అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్ణీ పెంచింది వాళ్ళిద్దరే. ఇద్దరికీ పిల్లల్లేరు, మొగుళ్ళు ఎప్పుడో పోయారు. పాకాల దాటాక, కొండ కింద, పక్కపక్కన రెండు రాతి గోడల ఇళ్ళు, పైన బోదగడ్డి కప్పు. రెండింటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడ నాదంటే నాదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ యుద్ధం. ఇప్పుడు గోడ పోయింది, గోడు మిగిలింది.

కాఫీ ఇచ్చి సంగతి చెప్పాను. "మనుషులు బాగుండారు గదా" అన్నారు మా ఆయన, ఫోనులోంచి తల ఎత్తకుండా. "మీ తమ్ముడుండాడు గదా." మా అత్తగారు పంకజాక్షమ్మ జపమాల ఆపి మరీ చెప్పింది: "మీ వాళ్ళు, మా వాళ్ళు అని నేనెప్పుడూ తేడా చూడనమ్మా. కానీ మీ వాళ్ళ సంగతి మీ వాళ్ళు చూసుకోవాల గదా." ఈమె మోకాలి ఆపరేషనుకు, ఈమె చెల్లెలి కూతురి కాన్పుకు, ఈమె అన్నగారి కర్మలకు నేను సెలవు పెట్టాను. అప్పుడంతా "మనవాళ్ళు". కాలింది నా వాళ్ళ ఇల్లు కాబట్టి "మీ వాళ్ళు". నేను సెలవు పెట్టి వెళ్తున్నానన్నాను. "ఎవరి సెలవు తీసుకొని?" అన్నారు మా ఆయన. "సెలవు పెట్టేదాన్ని నేనే, ఇచ్చేదాన్ని కూడా నేనే" అన్నాను. "గొంతు తగ్గించు, ఇది బస్టాండు కాదు" అన్నారు.

ఆ మాట ఆయన ఇరవై ఆరేళ్ళుగా అంటున్నారు, పాపం, నిజమే అంటున్నారు. నేను తిరుపతి బస్టాండులో అనౌన్సర్ని. నేను కాణిపాకం అంటే ఒక గుంపు లేచి పరుగెడుతుంది. చిత్తూరు అంటే అరటిపండు తింటున్నవాడు తొక్క చేతిలోనే పట్టుకొని బస్సెక్కుతాడు. తప్పిపోయిన ముసలివాళ్ళు నా గొంతు పట్టుకొని నడిచి వస్తారు. ఇంటికొస్తే, "ఈ తడి టవలు మంచం మీద వేయకండి" అని చెబితే ఒక్క మనిషి కదలడు. బస్టాండైతే వినేవాళ్ళు. అక్కడా గొప్ప మర్యాదేమీ లేదులెండి. ఎవరైనా రిటైరయితే బజ్జీలు పంచడానికి ముందు నన్నే పిలుస్తారు, "మేడమైతే చక్కగా వడ్డిస్తుంది" అని. ఊరి నిండా గొంతు నాది, ఊళ్ళో చోటు మాత్రం పొయ్యి దగ్గరే. పుట్టింటి నుంచి పోయి, పొయ్యికి చేరినదాన్ని.

నేను ఊరు చేరేటప్పటికి, బడి వరండాలో ఇద్దరూ చెరో స్తంభానికి ఆనుకొని, ఒకరికొకరు వీపు చూపిస్తూ కూర్చున్నారు. పెద్దమ్మ కనుబొమలు కాలిపోయాయి. అత్త చీర అంచు నల్లగా చుట్టుకుపోయింది. చూడగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"వచ్చినావా బానూ. సూడు, నీ అత్త నా దుప్పటి ఈడ్చుకునింది" అన్నది పెద్దమ్మ.

"దీని దుప్పటంట! ఊరోళ్ళు ఇచ్చిన దుప్పటికి దీని పేరేమన్నా నేసుండాదా?" అన్నది అత్త.

నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. పోట్లాడుకుంటున్నారంటే బతికే ఉన్నారు.

"అగ్గి వస్తా ఉంటే ఇంట్లోంచి ఏం తెచ్చుకున్నారు పెద్దమ్మా?"

"నేను దీన్ని తెచ్చుకున్నా" అంటూ పెద్దమ్మ గడ్డంతో అత్తను చూపించింది. "ఇది నా మేకను తెచ్చింది. దాని మేకను ఇడిసిపెట్టి మరీ."

"నా మేక నాకంటే తెలివైంది. ముందే కట్టు తెంపుకొని పారిపోయిండ్లా" అన్నది అత్త, ఇటు తిరగకుండానే.

ఇళ్ళ దగ్గర పెంచలయ్య మేస్త్రీతో కలిసి తమ్ముడు పని మొదలు పెట్టాడని ఊళ్ళో చెప్పారు. ముసలివాళ్ళిద్దరినీ చెరో చేత్తో పట్టుకొని బయలుదేరాను. కొండ నల్లగా, దువ్వని తలలా ఉంది. ఇళ్ళున్న చోట మసిబారిన రాళ్ళు, బూడిద, ఆ బూడిదలో రెండు రోళ్ళు. ఒకటి పెద్దమ్మది, ఒకటి అత్తది. నేలలో పాతినవి పాతినట్టే ఉన్నాయి. ఇంటిని చుట్టూ కాల్చేసి రోటిని మాత్రం వదిలేసింది అగ్గి. ఎవరి వంటిల్లు ఎక్కడో అవే చెబుతున్నాయి.

"ఈ ఎండలో ముసిలోళ్ళను ఏంటికి తెచ్చినావక్కా?" అన్నాడు తమ్ముడు. వాడు చెడ్డవాడు కాదు. చిత్తూరులో మామిడికాయల మండీ వదులుకొని వచ్చి నిలబడ్డాడు.

"ఇల్లు వాళ్ళది మునీ, నీది కాదు. సూడనీ."

"సూసేదానికేముండాది? అంతా అనుకున్నాము. ఒకే హాలు, మూలలో పొయ్యి, పైన రేకులు. ఎట్లాగూ ఇద్దరూ కూరలు మార్చుకొని తింటారు గదా, ఒక పొయ్యి సాలు. ఈ రోళ్ళు రెండూ పెరికి పునాదిలో ఏసేస్తాడు మేస్త్రీ, మంచి రాయి." కొంచెం గొంతు తగ్గించి, "ఇంకెన్నేండ్లు బతుకుతారనక్కా రెండిండ్లు?" అన్నాడు.

తగ్గించినా వినబడింది. పెద్దమ్మ తన రోటి దగ్గరికి నడిచి వెళ్ళి, దానిమీద కూర్చుంది. ఆడవాళ్ళు రోటిమీద కూర్చోకూడదని నాకు చిన్నప్పుడు వీపు మీద కొట్టి నేర్పిన మనిషి. అత్త ఒక క్షణం చూసి, వెళ్ళి తన రోటిమీద కూర్చుంది.

"లేయండమ్మా, ముగ్గు పొయ్యాల" అన్నాడు మేస్త్రీ, చేతిలో ముగ్గుపిండి డబ్బా పట్టుకొని.

ముగ్గంటే ఒక మాట చెప్పాలి. మేము ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ పొద్దున్నే నడుము వంచి వాకిట్లో ముగ్గు వేస్తాం. మధ్యాహ్నానికి అది చెప్పుల కింద పోతుంది. మగవాడు ఏ ఇల్లు కట్టేటప్పుడో ఒక్కసారి ముగ్గు పోస్తాడు. అది గోడలై లేస్తుంది. పిండి అదే, చేయి మారితే చాలు. మేస్త్రీ అనే మాటలో స్త్రీ ఉంది, మేస్త్రీల్లో ఒక్క స్త్రీ లేదు. ఇల్లాలు అనే మాటలో ఇల్లుంది, నా వంటింట్లో కిటికీ ఎక్కడ ఉండాలో కూడా నన్ను అడిగినవాడు లేడు. "నీకెందుకు, ఇంజనీరు గీస్తాడు" అన్నారు అప్పుడు. గీశాడు. ఇప్పటికీ నేను గోడకు ముఖం పెట్టి దోసెలు పోస్తున్నాను.

"ఒరే మునీ" అన్నది పెద్దమ్మ. "కూరలు మార్చుకుంటారని నీకు తెలుసు గదా. ఎట్ల మార్చుకుంటామో తెలుసునా? నడిమి గోడలో గూడుండ్లా, ఆరపార?"

నాకు గుర్తుంది. గోడ మధ్యలో అటూ ఇటూ తెరిచి ఉండే చిన్న గూడు. పగలంతా గోడకు అటూ ఇటూ తిట్లు. పొద్దు గూకేటప్పటికి ఆ గూట్లోంచి ఇటు ఊరిబిండి గిన్నె, అటు పప్పు గిన్నె. వేయించిన వేరుశనగలు రోట్లో నూరిన ఊరిబిండి ఇద్దరూ చేసేవాళ్ళు. ఒకరిది ఒకరికి నచ్చదు, అయినా గిన్నె నాకినట్టు ఖాళీ అయ్యేది.

"ఒకే పొయ్యి పెడితే నేను దానికేం ఇచ్చేది? అది నాకేం ఇచ్చేది? ఒకే కుండలోది ఎత్తుకొని తినడం ఇచ్చినట్టా?" పెద్దమ్మ గొంతు పెరిగింది. నా గొంతు ఎవరి పోలికో అప్పుడు తెలిసింది. "నాదనేది ఒకటి ఉంటేనే గదరా నాయనా, ఇచ్చేది!"

"అది ఇచ్చేదాంట్లో ఉప్పుండదు. అయినా ఇయ్యాల" అన్నది అత్త.

నేను అక్కడే బూడిదలో నిలబడిపోయాను. ఇరవై ఆరేళ్ళుగా నేను వండాను, వడ్డించాను, ఎత్తాను, తుడిచాను. ఎప్పుడైనా ఎవరికైనా ఏదైనా ఇచ్చానా? "అన్నం అయిందా?" అంటారు మా ఇంట్లో. పొద్దుగూకిందా, వాన పడిందా అన్నట్టు. దానంతట అదే అయినట్టు. "భాను ఇచ్చింది" అని ఒక్క ముద్ద మీద నా పేరు పడలేదు. పొయ్యి వాళ్ళది, ఇల్లు వాళ్ళది, బియ్యం వాళ్ళవి, ఆకలి వాళ్ళది. మధ్యలో కాలిన చేయి ఒక్కటే నాది. ఈ ఇద్దరు ముసలివాళ్ళకు సామాను మొత్తం పోయింది. ఇచ్చే హక్కు మాత్రం పోనివ్వమని రోళ్ళెక్కి కూర్చున్నారు.

"మేస్త్రీ అన్నా, ఆ డబ్బా ఇట్లీ" అన్నాను.

"ఏంటికమ్మా?"

"ముగ్గు వేయడం నీకంటే నాకు బాగా వచ్చు."

మొదట పెద్దమ్మ రోలు లోపలికి వచ్చేలా ఒక ఇల్లు గీశాను. పక్కనే అత్త రోలు లోపలికి వచ్చేలా ఇంకొకటి. తలుపు ఎటు, కిటికీ ఎటు అని ఒక్కో గీతకూ వాళ్ళనే అడిగాను. పెద్దమ్మకు మేక కనబడేలా కిటికీ కావాలి. అత్తకు దారిన పోయేవాళ్ళు కనబడేలా తిన్నె కావాలి. నడిమి గోడ దగ్గరికి వచ్చేటప్పటికి యుద్ధం మళ్ళీ మొదలైంది. "నా పక్కకు జరిపినావు" అని ఒకరు, "అడ్డదిడ్డంగా గీసినావు" అని ఒకరు. రెండుసార్లు చెరిపాను. గూడు ఎక్కడ ఉండాలన్నప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేసారి చేయి చాపి ఒకే చోటు చూపించారు.

తమ్ముడు మేస్త్రీ వంక చూశాడు. పెంచలయ్య గీతల వెంట ఒకసారి నడిచి, తల గోక్కున్నాడు. "ఆ హాలు కొలతలోనే సరిపోతాదబ్బా. నడిమి గోడ ఒకటి, వాకిలి ఒకటి ఎక్కువంతే. కాకపోతే రాళ్ళు మోసేదానికి ఇంకో మనిషి కావాల."

"ఇదిగో మనిషి" అన్నాను.

తమ్ముడు ఆ రెండో వాకిలి గీతను అడుగులతో కొలిచాడు. తర్వాత, "వాకిలికి పాత ద్వారబంధం చిత్తూరులో దొరుకుతాది, నేను తెస్తాలే" అన్నాడు, ఎటో చూస్తూ.

అప్పుడే ఫోను మోగింది. మా ఆయన. "కుక్కరు విజిలు యాడ పెట్టినావు? అమ్మ ఆకలంటా ఉంది. ఎప్పుడొస్తావు?"

నేను గొంతు సవరించుకున్నాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి. పాకాల నుంచి తిరుపతికి రావలసిన భానుశ్రీ, రెండిళ్ళ మీదా కప్పు పడేదాకా రాదు. అంతవరకు ప్రయాణికులు తమ కప్పు కాఫీ తామే కలుపుకోవలసిందిగా కోరడమైనది."

కొండకు తగిలి నా గొంతు తిరిగి వచ్చింది.

"గొంతు తగ్గించు, ఇది బస్టాండు…"

"కాదు" అన్నాను. "మీ ఇల్లు కూడా కాదు."

ఫోను కొంగులో కట్టుకొని చూస్తే, డబ్బాలో కొంచెం ముగ్గుపిండి మిగిలింది. పారబోయబోయాను.

"పారేయబాకుమే" అన్నది అత్త. "రొంత పిండి. నీకేమన్నా గీసుకో పో." నవ్వులాటకే అన్నది.

నేను నవ్వలేదు. అత్త ఇంటి పక్కనున్న ఖాళీ జాగా వంక చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళలో ఎన్ని వేల ముగ్గులు వేశానో, ఒక్క గీత దగ్గరా ఇంత ఆలోచించలేదు. వంగాను. ఒక చిన్న గది. కొండ వైపు పెద్ద కిటికీ. లోపల నుంచి గడియ పెట్టుకునే తలుపు. అత్త ఇంటి వైపు గోడలో ఒక గూడు. పిండి సరిగ్గా అయిపోయింది.

ఇద్దరూ రోళ్ళమీద నుంచి లేచి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకొని చూశారు.

"అంతా బాగుండాది. పొయ్యి యాడమే?" అన్నది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా."

"పొయ్యి లేదా? అయితే ఈ గూడు ఏంటికి గీసినావు? దీంట్లోంచి మాకేం ఇస్తావు?" అన్నది అత్త.

"ఏమీ ఇయ్యనత్తా" అన్నాను, చేతుల ముగ్గు దులుపుకుంటూ. "ఈ గూట్లోంచి గిన్నె నాకు రావాల."