ఉన్నికోట్ల గదిలో సిగార్లు

డ్రైక్లీనింగ్ షాపాయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క సిగరెట్టు కూడా ముట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషి బీరువా నిండా సిగార్లు ఉన్నాయంటే, దానికి కారణం ఆయన బావమరిది నోరు.

"బావా, బంగారం అందరూ కొంటారు. తెలివైనవాళ్ళు సిగార్లు కొంటున్నారు," అన్నాడు బావమరిది ఒక ఆదివారం, అన్నం తిన్న చెయ్యి కడుక్కోకుండానే. "పెట్టెల్లో పెట్టి మర్చిపోవడమే. ఏటికేడు రుచి ముదురుతుంది, ధర పెరుగుతుంది. ఆరేళ్ళు ఓపిక పట్టావంటే మూడింతలు!"

"నువ్వెన్ని కొన్నావురా?" అని వాళ్ళక్క అడిగేసరికి అతగాడికి చెయ్యి కడుక్కోవాలని గుర్తొచ్చింది.

షాపాయనకి మాత్రం ఆ మాట తలకెక్కింది. ఆయన తలకెక్కినదాన్ని దించడం కన్నవాళ్ళ వల్లే కాలేదు, ఇక కట్టుకున్నావిడ వల్ల ఏమవుతుంది? సరిగ్గా అప్పుడే ఆవిరితో నడిచే కొత్త ఇస్త్రీ మిషను కోసం భార్యాభర్తలు కొంత డబ్బు కూడబెట్టి ఉంచారు. షాపులో ఇస్త్రీ అంతా ఆవిడదే. పాత ఇస్త్రీపెట్టె బరువుకి ఆవిడ కుడి మణికట్టు సాయంత్రానికి వాచిపోయేది. గుడ్డపట్టీ ఒకటి బిగించి చుట్టుకుని పని కానిచ్చేది.

"ఆరేళ్ళు ఆగు, ఒకటి కాదు, మూడు మిషన్లు కొనిస్తా," అన్నాడాయన.

"నాకున్నవి రెండు చేతులేగా! మూడు ఏం చేసుకోను? ఒక్కటి చాలు, ఇప్పుడే కొనండి."

ఆయన వింటేగా.

సిగార్లు వచ్చాయి. వాటికి చల్లదనం కావాలి, ఎండ తగలకూడదు, గాలిలో కాస్త తేమ ఉండాలి. అలాంటి గది వాళ్ళకి ఒక్కటే ఉంది. షాపు వెనక, చలికాలం పోగానే ఖాతాదార్లు తెచ్చిచ్చే ఉన్నికోట్లు మళ్ళీ చలికాలం దాకా దాచిపెట్టే గది. అందులో ఒక బీరువా ఖాళీ చేయించి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టెలు పేర్చాడు. పక్కన గిన్నెలో తడి స్పాంజీ, తేమ కొలిచే మీటరు. ఆ మీటరు ముల్లు అటూ ఇటూ కదిలితే ఆయన ప్రాణం కూడా కదిలేది.

"పొగాకుకి పురుగొకటి పడుతుందటే. లోపలే గుడ్లు పెట్టి, బొక్కలు చేసుకుంటూ బయటికొస్తుందట. అది పడిందా, మన పుట్టి మునిగినట్టే," అని పడుకునే ముందు భార్యకి చెప్పి, చెప్పినవాడే నిద్రపట్టక దొర్లేవాడు.

ఆదివారం వస్తే ఒక పెట్టె తెరిచి, ముక్కు లోపలికి దూర్చి, కళ్ళు మూసుకుని "ఆహా! ముదురుతోంది!" అనేవాడు. ఏం ముదురుతోందో ఆయనకే తెలియాలి.

"ఆ శ్రద్ధ నా చేతి మీద ఒక్క పూట పెట్టినా బాగుండు," అని ఆవిడ ఓసారి గొణిగింది. ఆయనకి వినపడింది. వినపడనట్టే మూత పెట్టాడు.

ఆరేళ్ళూ గడిచాక, బావమరిది ఎక్కడినుంచో ఒక సిగార్ల వ్యాపారిని పట్టుకొచ్చి అప్పజెప్పి, వేరే పనుందంటూ జారుకున్నాడు. షాపాయన నలిగిన చొక్కా కూడా మార్చుకోకుండా ఆ పెద్దమనిషిని వెనక గదికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఇస్త్రీ ఆపి గుమ్మంలో నిలబడింది. ఇవాళ్టితో ఆ పాత ఇస్త్రీపెట్టె పీడ విరగడ కావాలని ఆవిడ ఆశ.

వ్యాపారి మొదటి పెట్టె మీదికి వంగి గాలి పీల్చాడు. ఆ వెంటనే వరసగా తుమ్ములు మొదలెట్టాడు.

"ఇదేంటండీ బాబూ! ఇందులో కలరా ఉండలు వేశారా?"

"ఛఛ! అవి బట్టల్లో వేస్తాం గానీ సిగార్లలో ఎందుకు వేస్తామండీ?" షాపాయన తనూ ఊపిరితిత్తుల నిండా పీల్చి చూశాడు. "శుభ్రంగా పొగాకు వాసన వస్తుంటే!"

వ్యాపారి జాలిగా చూసి, పై వరస సిగార్లు పక్కకి తీశాడు. అడుగున ఒక మూల తెల్లటి కలరా ఉండ, శనగగింజంత అయ్యేదాకా అరిగిపోయి, తన ఇల్లన్నట్టు కూర్చుని ఉంది. రెండో పెట్టెలో ఒకటి. మూడో పెట్టెలో ఏకంగా రెండు.

షాపాయన కళ్ళు తేలేశాడు. ఆయన పుట్టిందీ పెరిగిందీ కలరా ఉండల వాసనలోనే. అదొక వాసన అన్న సంగతి ఆయన ముక్కు ఎప్పుడో మర్చిపోయింది.

"నేనే వేశానండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "పురుగు పడుతుందని మీరు నిద్ర మానేస్తే చూడలేకపోయా. పురుగు పట్టే వస్తువేదైనా ఈ గదిలోకొస్తే ఉండ వెయ్యకుండా తలుపు వెయ్యం కదా. అరిగినప్పుడల్లా మార్చా కూడా. ఆ మూడోది ఖరీదైందన్నారుగా, అందుకని రెండేశా."

"పోనీ, ఈ వాసనే లేకపోతే ఎంతొచ్చేదండీ?" అని ఆయన వ్యాపారిని అడిగాడు, ఆశ చావక.

"దాచుకున్నందుకు గిట్టుబాటయ్యే రకాలు ఏవో కొన్నుంటాయి. ఇవి ఏ కొట్లో అడిగినా దొరికేవే. నా వాటా కూడా పోగా, బ్యాంకులో వేసుకున్నా మీకు ఇంతకన్నా ఎక్కువొచ్చేది. అసలు చాలామంది వీటిని దాచేది హాయిగా కాల్చుకోడానికండీ. మీరు ఒక్కటైనా కాల్చారా?"

వ్యాపారి ఇంకో తుమ్ము తుమ్మి సెలవు తీసుకున్నాడు.

కోపం ముక్కు మీదికి వచ్చింది గానీ, ఇవాళ ఆ ముక్కు మీద ఆయనకే నమ్మకం లేదు. అయినా నాలుగు దులుపుదామని భార్య వైపు తిరిగాడు. ఆవిడ స్టూలు మీద కూలబడి పట్టీ విప్పుకుంటోంది. మణికట్టు ఉబ్బి, ఎముక పక్కకి పొడుచుకొచ్చి ఉంది. అది అలా ఎప్పుడైందో ఆయనకి తెలియదు. మీటరు ముల్లు ఏ రోజు ఎక్కడుందో మాత్రం అడిగితే చెప్పగలడు.

"తప్పు నాదే. ఇంక మిషను మాట ఎత్తన్లెండి," అంది ఆవిడ తల వంచుకుని.

ఆవిడ తిట్టినా ఆయనకి అంత తగిలేది కాదు. ఆవిడ చేతిలోని పట్టీ తీసుకుని, తన మణికట్టుకి చుట్టుకుని, ముందు గదిలోకి వెళ్ళి ఇస్త్రీపెట్టె ఎత్తాడు.

"అమ్మో! ఇంత బరువా ఇది? నాకు చెప్పొద్దూ!"

"మీరు తేమ చూసుకుంటున్నారు కదా," అంది ఆవిడ వెనకాలే వచ్చి. "ముందు కాలరు. అలా నొక్కిపట్టకండి, జరపండి... జరపండీ, మాడుతోంది!"

చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ తేలింది. పొగ లేచింది.

"ఈ వాసన మాత్రం నా ముక్కుకి తెలుస్తోందే," అన్నాడాయన బిక్కమొహంతో. ఆవిడ ఆపుకోలేక నవ్వేసింది.

"ఆ బీరువా, మీటరు రేపే అమ్మేస్తా. మిగతాదానికి మీ తమ్ముడి మెడ మీద కూర్చుంటా. మిషను వచ్చేదాకా నువ్వు ఈ పెట్టె ముట్టుకోవడానికి వీల్లేదు."

ఆవిడ నమ్మలేదు. కానీ పట్టీ తిరిగి ఇమ్మని అడగలేదు.