పోచమ్మకు ఓనరు

పోచమ్మ గుడి గోడకు మేము పూసిన పసుపు మీద మైదా పిండి రాసి ఎవరో కాగితం అంటించిపోయారు. పొద్దున్నే స్నానం చేసి దండం పెట్టుకుందామని వెళ్ళినప్పుడు చూశాను. ఆ గోడ మీద సినిమా పోస్టరు అంటిస్తే మేము ఊరుకోము. ఇదేమో మున్సిపాలిటీ వాళ్ళ ఇంటిపన్ను నోటీసు. కట్టడం ఒక గది అట. యజమాని పేరు బాలవ్వ అట.

మాది లక్సెట్టిపేటకు అవతల, గోదారి దగ్గర ఒక చిన్న పట్టణం. మా వాడలో అందరం మరమగ్గాల మీద బట్ట నేసి బతికేవాళ్ళం. కుమ్మరి బాలవ్వది ఒక్కటే వేరే కులం. ఆమె అత్త పోయాక, గుడి ఊడ్చి, కడిగి, దీపం పెట్టే పని ఆమెకు వచ్చింది. శ్రావణంలో వాడ ఆడవాళ్ళు బోనాలు తెస్తే అందుకుని అమ్మవారి ముందు దించేది ఆమే. మగడు లేడు, పిల్లలు లేరు. ఆ దీపమే ఆమెకు లోకం.

కాసేపటికి జనం పోగయ్యారు. మా వాడలో ఎక్కువ మగ్గాలున్న ఓంప్రకాశ్ సేటు నోటీసును పెళ్ళిపత్రిక చదివినట్టు గట్టిగా చదివి వినిపించాడు.

"ఏమే బాలవ్వా, అమ్మోరినే నీ పేరు మీద రాయించుకున్నవా?"

"నాకేమెర్క సేటూ? గా సర్వేకొచ్చినాయన 'గిదెవరిదవ్వా' అన్నడు. మన పోచమ్మది అన్న. నీ పేరేంది, నీ ఫోన్ నంబరేంది, ఆధార్ కార్డు తే అన్నడు. పింఛనుకేమో అనుకొని ఇచ్చిన."

"చూసిన్రా, ఎంత అమాయకురాలో!" అంది సేటు భార్య మంజుల. "రేపు గుడి ముందట బిర్యాని సెంటర్ పెడ్తది. మనం దండం పెట్టినా కిరాయి అడుగుతది."

అందరూ నవ్వారు. మొన్న ఆమె చేత బిడ్డలకు బొట్టు పెట్టించుకున్నవాళ్ళు కూడా నవ్వారు.

"పేరు తీసేపిచ్చుకొని రా. గప్పటిదాక గడప తొక్కకు" అన్నాడు సేటు.

బాలవ్వ చీపురు గోడకు ఆనించి నా వైపు చూసింది. "పర్శరాములూ, దీపం ఎవలు పెడ్తరు బిడ్డా?"

"నేను పెడ్తలే అత్తా. రేపు ఆఫీసుకు పోదాం" అన్నాను.

పన్నులకు కొత్త కంప్యూటర్ సిస్టం వచ్చిందని మున్సిపాలిటీ ఆఫీసుకు అద్దాల తలుపులు పెట్టారు, ఏసీ పెట్టారు. ప్రారంభోత్సవానికి కట్టిన పూలదండలు తీసే దిక్కులేక కుళ్ళి వాసన కొడుతున్నాయి. మెట్ల కింద పాత కంప్యూటర్లు కుప్పగా పడి ఉన్నాయి. వాటి మీద తిని పారేసిన ఇస్తరాకులు, ఈగలు. పన్నుల సీట్లో సంపత్ అనే కుర్రాడు కూర్చున్నాడు.

"తప్పేం లేదు కాకా" అన్నాడు అంతా విని. "పాత సిస్టంల ఓనరు కాడ 'పోచమ్మ' అని కొట్టిన్రు, నడిచింది. గిది ఒప్పది. ఓనరుకు ఆధారుండాలె, ఫోనుండాలె."

"అయితే ఖాళీగ ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితె ముందటికి పోనియ్యది. గుడి అని మారుస్త, పన్ను సున్న అయితది. పేరు సున్న పెట్టరాదు."

"పోచమ్మ పేరే రాయి బిడ్డా, నీకు దండం పెడ్త" అంది బాలవ్వ.

"పోచమ్మ ఆధార్ తెస్తవా అవ్వా? ఆమె బాపు పేరేంది?"

పక్క సీటాయన పకపకా నవ్వాడు. బాలవ్వ మాత్రం నిజంగానే ఆలోచించింది.

"బాపు లేడు బిడ్డా. ఆమెనే అందరికి తల్లి."

సంపత్ తల దించుకున్నాడు. "ఇంకెవలన్న ముందటికొస్తే వాళ్ళ పేరు మీదికి మారుస్త. ఇద్దరి వేలిముద్రలు కావాలె. ఐతారం నాడు నేనే మిషిను పట్టుకొని వస్త."

దారిలో నాకు ఒకటే ఆలోచన. కొత్తది వస్తే మంచిదే. ఇంటిపన్ను ఇప్పుడు లైన్లో నిలబడకుండా ఫోన్లోనే కడుతున్నాను. కానీ ఊళ్ళో ఎవరిదీ కానిది కూడా ఒకటి ఉంటుందని ఆ సిస్టం చేసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదా? చెబితే నవ్వారా?

సాయంత్రం గుడి ముందు వాడవాళ్ళకు సంగతి చెప్పాను. అమ్మవారికి ఓనరుగా పేరు ఇవ్వడానికి ఎవరికి గుండె ఉంటుందిలే అనుకున్నాను.

"ఇగ తప్పుతదా, నా పేరు రాయుండ్రి" అన్నాడు సేటు, నా మాట పూర్తికాకుండానే.

"నీదెందుకు? గుడికి రేకులేసింది మా బాపు" అని లేచాడు హనుమండ్లు.

"రేకులేస్తే గుడి నీదైతదా?"

"నీ ఆరాటం గుడి కోసమా? ఎనక జాగల షెడ్డేసి మగ్గాలు పెడ్దామని గాదు?"

అక్కడి నుంచి మాటలు తల్లుల మీదికి, అక్కచెల్లెళ్ళ మీదికి పోయాయి. అమ్మవారు ఎదురుగా వింటూనే ఉంది. మంజుల అందరికంటే గట్టిగా అరిచింది. "మా ఆయన పేరైతే ఇనుప గేటు పెట్టి తాళమేస్తం. ఎవలు పడితె వాళ్ళు లోపటికి రాకుంట." ఆ మాట అంటూ బాలవ్వ వైపు చూసింది. నాకు ఆ మనుషుల మధ్య నిలబడాలంటేనే అసహ్యమేసింది.

ఆదివారం సంపత్ వచ్చేసరికి హనుమండ్లు చల్లబడ్డాడు. షెడ్డులో వాటా ఇస్తానని సేటు ఒప్పుకున్నాడని విన్నాను. సేటు తలస్నానం చేసి పట్టుపంచె కట్టుకుని వచ్చి ముందుగా తన వేలు పెట్టాడు.

"అవ్వా, ఇగ నువ్వు పెట్టు. నీ పరేషాన్ పోతది" అన్నాడు సంపత్.

బాలవ్వ చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

"పెట్ట. నా పేరే ఉండనీ."

"చూసిన్రా! ఆశ బయటపడ్డది" అని అరిచాడు సేటు.

"ఆశనే అనుకో సేటూ. నా పేరు మీదుంటే తాళం పడది. నేను సచ్చినంక ఏమైతదో గా తల్లికెరుక."

"రాయి, ఆమెను అడిగేదేంది!" అన్నాడు సేటు సంపత్‌తో.

"ఆమె వేలు లేకుంటె సిస్టం తీసుకోది సేటూ" అని సంపత్ మిషిను సంచిలో పెట్టుకున్నాడు.

"శ్రావణంల నీ చేతికి బోనం ఎవలిస్తరో నేనూ చూస్త" అంది మంజుల.

"ఇయ్యకుండ్రి బిడ్డా. మీరే దించుకోండ్రి. తలుపు తెరిచే ఉంటది."

మంజుల గడప ముందు తుపుక్కున ఉమ్మి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఆమె వెనకే నడిచారు. నేను నల్లా దగ్గర నుంచి బిందెడు నీళ్ళు తెచ్చాను. బాలవ్వ ఆ చోటు కడిగి, తన కాళ్ళు కడుక్కుని, గడప దాటి లోపలికి పోయింది.