తెర ముందు మొర

తల్లిని సినిమాకు తీసుకుపోవాలని రాజనర్సుకు ఏ కోశానా లేదు. ఉంటే పొద్దున్నుంచి ముఖం అట్లా మాడ్చుకుని తిరిగేవాడా? కానీ దఫ్తర్‌లో ఇచ్చిన పాసులు రెండు. భార్య సౌభాగ్యకు నెలలు నిండాయి, ఆమె కదలలేదు. తల్లి పోశవ్వేమో ఉతికిన చీర కట్టుకుని నాంపల్లి కిరాయి గది గుమ్మంలో ముందే నిలబడి ఉంది.

"గా పిచ్చర్ల ఢిల్లీ పెద్దాయన ఉంటడట గద బిడ్డా?"

"ఉంటడు, జరంత సేపు. ఎన్నడో మీటింగుల తీసిన బొమ్మ తెచ్చి కతల అతికిచ్చిన్రు."

"వేషం గట్టినోడు గాదు గద?"

"గాదు. ఆయనే."

"ఆయనే అయితే సాలు," అంది పోశవ్వ. ఎందుకు చాలో అడగాలని మన మహానుభావుడికి తోచలేదు.

అది 1951. పోశవ్వ పెద్దకొడుకు మొగులయ్య దొరల భూముల మీద కొట్లాడే సంఘంలో తిరిగాడని పోలీసులు పట్టుకుపోయి ఏడాది దాటింది. చిన్నవాడు రాజనర్సు మెట్రిక్ పాసై, నాంపల్లిలో సర్కారు గుమాస్తాగా కుదురుకున్నాడు. ఏ దఫ్తర్‌లో అనుకున్నారు? అట్లాంటి ఖైదీల విడుదల సంగతి చూసే దఫ్తర్‌లోనే! పట్నంలో నిలకడగా ఉన్నవాడెవడైనా జమానత్ ఉంటే, అంటే వీడికి నేను పూచీ అని ముందుకొస్తే, మొగులయ్య ఇంటికి రావచ్చు. పోశవ్వ అడుగుతూనే ఉంది. "చూస్తనే అవ్వా, జర ఆగు" అంటూ వీడు దాటేస్తూనే ఉన్నాడు. అన్న జైల్లో ఉన్నాడని తెలిస్తే, మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరు తనను కొలువులో ఉండనిస్తాడా అని భయం. ఆ ఆఫీసరు మెప్పు కోసం ఆయన మాట తీరంతా నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో తల్లి నోరు విప్పితే ఒళ్ళు కంపరమెత్తుతుంది. కన్నతల్లి మాట వింటే కంపరం! సిగ్గుండక్కర్లేదూ?

ఆబిడ్స్‌లోని టాకీసులో ఆ రోజు ఏదో సహాయనిధికి ఆడిస్తున్న ప్రత్యేకమైన ఆట. పెద్ద పెద్ద అధికారులంతా వచ్చారు. రాజనర్సు తల్లిని కింద ఆడవాళ్ళ వైపు పరదా చాటున కూర్చోబెట్టాడు.

"ఎవ్వరితోని మాట్లాడకు. నాతోని అచ్చినట్టు అస్సలే చెప్పకు," అని గట్టిగా చెప్పి, పోయి మేడమీద ఆఫీసరు వెనక వరుసలో చేరాడు.

సినిమాలో ఏదో కరువు పట్టిన ఊరు. కథానాయకుడు ఊరందరినీ కూడగట్టి కాలువ తవ్విస్తాడు. కాలువలోకి నీళ్ళు వచ్చే వేళకు జెండా కింద నిలబడి ఢిల్లీ పెద్దాయన జనానికి నమస్కారం పెడుతున్న బొమ్మ పడింది. హాలు దద్దరిల్లిపోయింది. ఆఫీసరు లేచి చప్పట్లు కొట్టాడు. రాజనర్సు ఆయనకంటే గట్టిగా కొట్టాడు.

"దండాలు దొరా!"

ఆ గొంతు వినగానే రాజనర్సు పైప్రాణాలు పైనే పోయాయి. పోశవ్వ చెప్పులు విడిచి, పరదా దాటి, తెర ముందుకు వచ్చి కొంగు చాపి నిలబడింది.

"నా పెద్దకొడుకు మొగులయ్య దొరా! ఒగన్ని కొట్టలే, ఒగన్ని తిట్టలే. గుంజుకున్న మా భూమి మాకియ్యిమన్నడు, గంతే!"

ఒక్కసారి హాలంతా గొల్లుమంది. "ముసల్ది బొమ్మతోని మాట్లాడుతున్నదిరో!" అని ఎవడో ఈల వేశాడు. రాజనర్సుకు తల తీసేసినట్టయింది. భూమి చీలితే బాగుండు, అందులోకి దూరిపోయేవాడు.

కానీ పోశవ్వ అంత అమాయకురాలేం కాదు. వాళ్ళ ఊరి చావడిలో నిజాం పటం ఉండేది. కష్టం వచ్చినవాడు చెప్పులు విడిచి, ఆ పటం ముందు కొంగో కండువానో చాపి గట్టిగా చెప్పుకుంటే, పక్కన కూర్చున్న పట్వారీ అయినా పోలీసు అమీను అయినా మధ్యలో అడ్డం రాకుండా చివరిదాకా వినాలి. పటం వినదని అందరికీ తెలుసు. వినాల్సినవాడు పక్కనే ఉంటాడు. అయితే ఆ పటం ఏలే ఆయనదే అయి ఉండాలి, వేషగాడిది కాకూడదు.

తెరమీద బొమ్మ మారిపోయి పాట మొదలైంది. పోశవ్వ ఆపలేదు. చివరికి ఆట ఆగింది, దీపాలు వెలిగాయి. గేటుమనిషి వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు.

"వదలండి ఆవిడని!" అంటూ ఆఫీసరు దిగివచ్చాడు. రాజనర్సు కాళ్ళీడ్చుకుంటూ వెంట దిగాడు. "బొమ్మకి చెప్పుకుంటే ఏం లాభమమ్మా?"

"బొమ్మ అని ఎరికే సారూ. ఆయన బొమ్మ ముంగట జెప్తె మీరు ఇంటరని జెప్పిన."

ఆఫీసరు నవ్వలేదు. "సరే, విన్నాను. పట్నంలో మీవాళ్ళెవరైనా ఉన్నారా? జమానత్ ఉంటే రేపే కాగితాలు కదిలిస్తాను."

పోశవ్వ చెయ్యి చూపించలేదు, పేరు చెప్పలేదు. రాజనర్సు ముఖంలోకి చూసింది, అంతే. ఆ చూపు వెంట ఆఫీసరు కూడా తిరిగాడు.

"ఏమోయ్ రాజనర్సూ, ఈవిడ నీకు తెలుసా?"

అయ్యో, అంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది! మా అమ్మండీ అంటే సరిపోయేది. అన్న ఇంటికి వచ్చేవాడు. రాజనర్సు నోరు తెరిచాడు కూడా. చుట్టూ తోటి గుమాస్తాలు. ఇందాక ఈల వేసినవాడు ఇంకా పళ్ళికిలిస్తూనే ఉన్నాడు.

"తెలీదండీ. ఎవరో పల్లెటూరావిడ," అన్నాడు.

పోశవ్వ చాపిన కొంగును నింపాదిగా భుజం మీద వేసుకుంది.

"నీకు కొడుకులెంతమందమ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఒక్కడే సారూ. జైల్ల ఉన్నడు."

"జమానత్ లేకపోతే నేనేం చెయ్యలేనమ్మా," అన్నాడాయన నొచ్చుకుంటూ. ఆమె దండం పెట్టి, చెప్పులు తొడుక్కుని తనంతట తానే బయటికి నడిచింది. రాజనర్సు ఆఫీసరు వెంట మళ్ళీ మేడ ఎక్కాడు. వాడి కొలువు కాపాడటానికి అట్లా అన్నదో, వాణ్ణి కొడుకుల లెక్కలోంచే కొట్టేసిందో అడుగుదామన్నా ఇక ముఖం చెల్లదు. దీపాలు ఆరిపోయాయి, మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

"పాపం, ఒక్కగానొక్క కొడుకట," అన్నాడు ఆఫీసరు వెనక్కి తిరిగి.

"అవునండీ," అన్నాడు రాజనర్సు.