నోలన్ కొన్న విస్కీ

మా బెడ్‌ఫర్డ్ వీధిలో సైకిళ్ళ కోసమని తెల్లగీతలు గీసినప్పటి నుంచీ నాకు బీపీ పట్టుకుందని మా ఆవిడ రైజెల్ అంటుంది. పట్టుకోదా మరి? బడిపిల్లలు బస్సు దిగే చోట సైకిలువాళ్ళు రయ్యిమని దూసుకొస్తారు. బెల్లు కొట్టరు. ఆడా మగా అరకొర బట్టలేసుకుని, మావాళ్ళు తలొంచుకుని ప్రార్థనకి నడిచే దారిలోనే పోవాలా? బ్రూక్లిన్ మొత్తమ్మీద ఇంకో వీధే దొరకలేదా? ఆ గీతలు చెరిపెయ్యమని నగరపాలకులకి అర్జీ రాసింది నేనే, సంతకాల కోసం మెట్లెక్కి దిగిందీ నేనే. నా పేరు ఆన్షెల్. మా పేటలో పెళ్ళంటే మందు నా కొట్టు నుంచే పోతుంది.

ఆ ఏడు మా యూదుల పస్కా పండగ బుధవారం సాయంత్రం మొదలైంది. ఆ ఎనిమిది రోజులూ పులిసినదేదీ మా సొత్తుగా ఉండకూడదు. రొట్టెముక్కే కాదు, ధాన్యంతో కాచిన విస్కీ కూడా. ఉందో, ఆ సరుకు ఇక ఎప్పటికీ మాకు పనికిరాదు, నా కొట్టు గడప ఎవడూ తొక్కడు. అందుకే మా మతగురువు, రబ్బీ లీపాగారు, పేటలోని సరుకంతా జాబితా రాయించుకుని, మా మతం కాని ఒకాయనకి అమ్మేస్తారు. పండగయ్యాక తిరిగి కొంటారు. నాటకం కాదండోయ్, అసలు సిసలు అమ్మకం. కొన్నవాడు ఇవ్వనంటే నోర్మూసుకుని ఇంటికి పోవాల్సిందే.

జాబితాలో కొట్టు రాశాను, కింద గోదాం రాశాను, ఇంట్లో అల్మారా రాశాను. వ్యాను మర్చిపోయాను. దాన్లో నలభై పెట్టెల విస్కీ ఉంది. వచ్చే పెళ్ళిళ్ళ కోసం చేతిలో ఉన్నదంతా ఊడ్చి తెచ్చిన సరుకు. గుర్తొచ్చేసరికి బుధవారం పొద్దున పదకొండు దాటింది. గడువు పన్నెండుకి పది నిమిషాల ముందు. రబ్బీగారింటికి పరిగెత్తాను.

"కొన్నాయన సంతకం పెట్టేసి రైలెక్కాడు ఆన్షెల్," అన్నారాయన. "దాన్ని విడిగా అమ్మాల్సిందే. ఎవరో ఒకర్ని పట్టు. కాగితం నేను రాస్తాను."

ఎవర్ని పట్టను? ఆ పూట మా వీధిలో ఎటు చూసినా మావాళ్ళ గడ్డాలూ టోపీలే. ఇద్దరం వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఒక సైకిలు కుర్రాడు దాన్ని దబదబా బాదుతున్నాడు. వ్యాను ఉన్నది ఆ తెల్లగీతల మధ్యనే. నేనే పెట్టాను, పంతానికి.

"ఇది మీదేనా?" అన్నాడు. "సైకిళ్ళ దారి ఇది. మీ బాబు గరాజు కాదు."

మామూలప్పుడైతే ఉతికి ఆరేసేవాణ్ణి. నా చెయ్యి రబ్బీగారు పట్టుకున్నారు. "బాబూ, ఏమీ అనుకోకు," అన్నారు మెత్తగా. "మీ అమ్మ ఎవరు?"

వాడి మొహం కందగడ్డయింది. "మా అమ్మ జోలికెందుకు వస్తారు?"

"యూదురాలా అని. మాలో తల్లిని బట్టే బిడ్డ మతం."

"మా అమ్మ మిన్నెసోటాలో లూథరన్ చర్చిలో పియానో వాయిస్తుంది."

"దేవుడు ఆవిణ్ణి చల్లగా చూడాలి," అన్నారు రబ్బీగారు, కలం తీస్తూ.

వాడికి విషయం చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. వాడి పేరు నోలన్. మొదట నవ్వాడు, తర్వాత కాగితం రెండుసార్లు చదివాడు. ఇప్పుడు బయానా ఒక డాలరు, మిగతాది పండగయ్యాక. ఇవ్వలేకపోతే, ఇవ్వబుద్ధి కాకపోతే సరుకు నాకు తిరిగి అమ్మేయొచ్చు. సరుకున్న వ్యాను పండగ అయ్యేదాకా వాడికి అద్దెకి.

"అంటే ఇదంతా నిజంగా నాదే?" అన్నాడు.

"నిజంగా నీదే. తాళం కూడా నీకే," అన్నారు రబ్బీగారు.

"తాగితే?"

"నీ ఇష్టం. తాగినదానికి ధర కట్టాలి, అంతే."

వద్దందామనుకున్నాను. కానీ గడియారం చూస్తే ఆరు నిమిషాలే ఉంది. వాడు సంతకం పెట్టి, తాళం జేబులో వేసుకుని, సైకిలెక్కి పోయాడు. ఆ హడావిడిలో ఫోను నంబరు అడగాలని కూడా తోచలేదు.

మర్నాడు పొద్దున ప్రార్థనకి బయల్దేరి చూస్తే వ్యాను లేదు.

రెండు రోజులు పండగ, మూడో రోజు శనివారం. ఫోను ముట్టకూడదు, బండెక్కకూడదు. కాళ్ళున్నాయి కదా, ఆ మూడు రోజులూ నడిచాను. నది ఒడ్డుదాకా, వంతెన కిందదాకా వెతికాను. నల్లకోటు వేసుకుని, ఆగి ఉన్న ప్రతి వ్యాను చుట్టూ తిరుగుతుంటే జనం నన్నే దొంగలా చూశారు. వాడి చిరునామా ఆ కాగితంలో ఉంది. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుని రబ్బీగారు పండక్కి అత్తగారింటికి పోయారు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

"పోలీసులకి చెబుతాను," అన్నాను ఆదివారం.

"ఏమని?" అంది రైజెల్, చేపలు తోముతూ. "నా విస్కీ పోయిందనా? నాది అన్నారంటే ఈ పండగ చేసిందంతా గంగలో కలిసినట్టే. నిజం అమ్మకమే అని మీరేగా అందరికీ చెప్పేది?"

పోలీసులకి చెప్పలేదు. మిగతా లోకమంతటికీ చెప్పాను. ప్రార్థన దగ్గర, శుద్ధి స్నానాల కొలను దగ్గర, కూరల కొట్టు దగ్గర, కనపడ్డవాడినల్లా ఆపి చెప్పాను. "చూశారా సైకిలువాళ్ళ బుద్ధి? నలభై పెట్టెలు, వ్యానుతో సహా లేపుకుపోయాడు." అంతకుముందు అర్జీ మీద సంతకం పెట్టనని మొండికేసినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. పండగ మధ్యలో రాత పని వద్దని పేర్లు నోటితో చెప్పి, పండగ పోయిన రాత్రే వరసగా వచ్చి సంతకాలు పెట్టిపోయారు. అరవైకి పైనే. సరుకు పోయినందుకు కడుపు మండుతోంది, అయినా ఆ సంతకాలు చూసుకుని లోపల్లోపల సంబరపడ్డాను. అదీ చెప్పాలి కదా.

తెల్లవారి శుక్రవారం, కొట్టు తెరుస్తుంటే వ్యాను వచ్చి ఎదురుగా ఆగింది. నోలన్ దిగాడు. వెనక తలుపు తీశాడు. నలభై పెట్టెలూ ఉన్నాయి. ఒక్క సీసా తక్కువ.

"మా అమ్మ ఈస్టరుకి వచ్చింది, ఇద్దరం రుచి చూశాం. అయ్యేదెంతో చెప్పండి," అన్నాడు. "మిగతాది మీకు అమ్మేస్తాను, నా డాలరు నాకిచ్చెయ్యండి."

 "ఎక్కడ పెట్టావు నాయనా?" అని అడిగాను.

"గ్రీన్‌పాయింట్‌లో మా ఇంటి ముందు. రెండుసార్లు ఫైన్ వేశారు, కట్టాను."

"ఇక్కడే వదిలేసి ఉండొచ్చుగా?"

వాడు నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "సైకిళ్ళ దారిలోనా? నా సరుకది. నా సరుకు అక్కడ పెట్టి జనానికి అడ్డం ఎలా వస్తాను?"

డాలరిచ్చాను. ఆ సీసాకి ధర పుచ్చుకోలేదు, ఫైన్ల డబ్బు బలవంతాన వాడి జేబులో కుక్కాను. వాడు వెళ్ళిపోయాక కొట్లో స్టూలు మీద కూర్చున్నాను. పండగకి ముందు రొట్టెముక్క కోసం దువ్వెన పళ్ళతో సహా వెతికి ఇల్లు శుభ్రం చేసినవాణ్ణి, ఎనిమిది రోజులూ నోట్లో ఏం పెట్టుకు తిరిగానో తల్చుకుంటే సిగ్గేసింది.

మాలో ఒక పద్ధతుంది. అన్యాయం జరిగిందనుకున్నవాడు శనివారం ధర్మశాస్త్రం చదవబోయే ముందు లేచి బల్ల చరిచి ఆపొచ్చు. వాడి గోడు వినేదాకా చదవరు. ఆ శనివారం నేను బల్ల చరిచాను. సైకిలువాడి మీద ఫిర్యాదే అనుకుని అందరూ మెడలు చాచారు.

"అన్యాయం నాకు జరగలేదు, నేను చేశాను," అన్నాను. "ఆ కుర్రాడు చుక్క లెక్క తప్పకుండా తెచ్చిచ్చాడు. దొంగ అని వాడి పేరు పాడు చేసింది నేను. నా మాట విని సంతకం పెట్టినవాళ్ళు ఆదివారం వచ్చి కొట్టేసుకోండి."

"మరి అర్జీ మానేస్తావా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఎందుకు మానేస్తాను? ఆ గీతలంటే నాకిప్పటికీ ఒళ్ళుమంటే. ఎంతమంది మిగిలితే అంతమందితో పంపుతాను."

ఆదివారం కొట్టు ముందు వరస కట్టారు. ఒక్కొక్కరే పేరు కొట్టేసుకుని, నా మొహం చూడకుండా, ఒకరిద్దరు భుజం తట్టి, పోయారు. వరస అయిపోయిందనుకుని కాగితం మడవబోతుంటే రైజెల్ తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"నీ సంతకం కూడా ఉందా ఇందులో?" అన్నాను.

"ఉంది. గీతలు నాకు అడ్డమేం కాదు," అంది. "మీరు చెప్పారని పెట్టాను. మీరు అబద్ధం చెప్పరని పెట్టాను."

కలం ఆమె చేతికిచ్చాను. ఎక్కడుందో వెతుక్కుంటుంటే ఆ పేరు నేనే చూపించాను.